ఫిషింగ్ హార్బర్‌లో శారద పేరు

ఫిషింగ్ హార్బర్‌కి చాలామంది చేపల కోసం వెళ్తారు. నేను నా భార్య శారద సగంలో వదిలిన పని కోసం వెళ్ళాను. ఆమె బి.ఎడ్. కాలేజీలో పాఠాలు చెప్పేది. వినపడని, కనపడని పిల్లలు మామూలు బడిలో అందరితో కలిసి చదువుతుంటే వాళ్ళ తల్లుల నిద్ర, తిండి, ఆరోగ్యం ఎలా ఉంటున్నాయో సర్వే చేస్తుండేది. ప్రతి తల్లినీ బడి తెరిచాక ఒకసారి, ఏడాది చివర ఒకసారి కలవాలి. ఆ రెండోసారికి శారద లేదు. మిగతా తల్లుల్ని ఆమె సహోద్యోగులు కలిశారు. చేపలమ్మే నూకాలమ్మ మాత్రం ఫోన్‌లో, "మేడం గారొస్తేనే సెప్తాను" అందట. మేడం గారు పోయారని ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మాట చెప్పడానికే బయల్దేరాను.

పెందుర్తి నుంచి తెల్లవారుజామున బస్సు పట్టుకుని మద్దిలపాలెంలో దిగాను. అక్కడి నుంచి హార్బర్‌కి ఆటో నూట యాభై. డ్రైవర్ నా చేతులకేసి చూశాడు.

"సేపలకెల్తన్నారు, సంచీ లేదేటి బాబూ?"

"చేపలకి కాదు, సర్వేకి."

"సేపల్ని కూడా సర్వే సేసెత్తన్నారా!"

చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

వెళ్ళేసరికి చేపల వేలం జోరు మీదుంది. నూకాలమ్మ ఫోటో శారద ఫోన్‌లో చూశాను కాబట్టి గుర్తుపట్టి, పిలుద్దామని చెయ్యెత్తాను. వేలం పాట పాడే అతను ఒక బుట్టెడు కానాగంత చేపల్ని నాకు ఖాయం చేసేశాడు. నూకాలమ్మ పరుగున వచ్చి అతనికి సర్దిచెప్పింది.

"ఇక్కడ సెయ్యెత్తితే కొన్నట్టే బాబూ. సేతులు కట్టుకుని ఆ గోడకాడ నిలబడండి!"

వేలం అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. ఆ తర్వాత ఆమె వచ్చింది. నేనెవరో చెప్పాను.

"అయితే మేడం గారేరీ? మిమ్మల్ని తోలీసి ఆవిడ ఇంటికాడ తొంగున్నారేటి?"

జవాబు చెప్పేలోగా ఆమె కూతురు గౌరి టీ ఫ్లాస్కుతో వచ్చింది. ఏడో తరగతి. పుట్టుకతో వినపడదు. తల్లి నన్ను చూపించి ఏవో సైగలు చేసింది. గౌరి చున్నీ కొసతో లేని కళ్ళద్దాలు తుడిచినట్టు చేసి, అరచెయ్యి తిప్పి, ఏరీ అన్నట్టు నన్ను అడిగింది.

"మేడం గారి పేరది. మనిషిని సూసి సేత్తో పేరెట్టుకుంటాది. సర్వే లేని రోజు కూడా వచ్చేవారు మేడం గారు, వచ్చినప్పుడల్లా ఈ ఉప్పుగాలికి కొంగుతో అద్దాలు తుడుసుకుంటానే ఉండేవారు కదా!" అంది నూకాలమ్మ.

ఇంట్లోనూ అంతే. శారదకి మరో పేరు ఉందని మాత్రం నాకు తెలియదు.

నేనూ కళ్ళద్దాలు తుడిచినట్టు చేశాను. ఆ చేతిని మెల్లగా దించి, తల అడ్డంగా ఊపాను. తల్లి కంటే ముందు గౌరికే అర్థమైంది. ఆమె ముఖం చూసి నూకాలమ్మకి తెలిసింది.

నూకాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "అడగండి బాబూ. ఆవిడ పని ఆగకూడదు."

అన్నీ అడిగాను. ఆఖరి ప్రశ్న, తన కోసం తాను చేసుకునేది ఏదైనా ఉందా అని.

"మేడం గారొచ్చిన రోజు కూకుని టీ తాగేదాన్ని. మిగతా రోజులు నిలబడే." ఆగి నావైపు చూసింది. "మరి మీరు? ఏళకి తింతన్నారా?"

నూకాలమ్మ ఒక తిరగేసిన బుట్ట నా వైపు జరిపి, "కూకోండి" అంది. ముగ్గురం కూర్చుని టీ తాగాం.

తిరుగు బస్సులో ఎండ ముఖం మీద పడుతోంది. మోసుకెళ్ళిన మాట చెప్పేశాను, బరువు తగ్గలేదు. అయితే శారద పేరును చేత్తో పలికే మనిషి ఒకరు ఈ ఊళ్ళో ఉన్నారు. ఇప్పుడు నాకూ ఆ పేరు పలకడం వచ్చు. మళ్ళీ వెళ్తాను, ఈసారి ప్రశ్నలేమీ లేకుండా.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన: వేలం జరుగుతుంటే చెయ్యెత్తి ఎవర్నీ పిలవకండి, చేతులు కట్టుకుని నిలబడండి. నేను వచ్చేస్తుంటే గౌరి చేతులు కట్టుకుని, బిగుసుకుని నిలబడి చూపించింది. అక్కడ నా పేరు అదేనట.