బట్టతల బాబాయి దువ్వెన

మా బాబాయి వేసే కార్టూన్లలో ఎవరి జుట్టూ చెదరదు. తుఫాను గీసినా సరే, చెట్లు ఒరుగుతాయి, ఇంటికప్పులు ఎగిరిపోతాయి, మనుషుల పాపిళ్ళు మాత్రం అలాగే ఉంటాయి. మినహాయింపు మంత్రులకే, వాళ్ళ తలలు కాకిగూళ్ళు. ఇంతా చేసి ఆయనది నున్నటి బట్టతల. అయినా జేబులో దువ్వెన లేనిదే గడప దాటడు.

నేను పనిచేసే సహాయ సంస్థకు ఆయన ఉచితంగా బొమ్మలు వేస్తాడు. వాటిని ఇంటర్నెట్‌లో పెట్టడం నా పని.

వరదలో ఇళ్ళు పోయిన మూడు వందల కుటుంబాల శిబిరాన్ని మర్నాడే ఖాళీ చేయించాలని మంత్రిగారి ఉత్తర్వు వచ్చింది. సాయంత్రంలోగా బొమ్మ జనంలోకి వెళ్ళాలి. ఉత్తర్వు రాబోతోందని విని బాబాయి ముందురోజంతా శిబిరంలోనే కూర్చుని చిత్తుబొమ్మలు వేసుకొచ్చాడు. పదకొండయినా ఒక పాప జడ దగ్గరే ఉన్నాడు.

"బాబాయ్, గేటుకి తాళం వేసే మంత్రిని గీయడం అయిపోయిందిగా. ఇచ్చెయ్."

"రెండో జడకి రిబ్బను కట్టాలిరా."

మా డైరెక్టరమ్మ తల పట్టుకుంది. "ఇలా పెళ్ళికెళ్తున్నట్టు గీస్తే జాలెవరికి కలుగుతుందండీ?"

"జాలి లేకపోతే పోనీండమ్మా. సిగ్గు కలిగితే చాలు," అని టీ తాగడానికి వెళ్ళాడు.

ఇదే అదనుగా నేను బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించి, పాప జడలు విప్పేసి, అందరి జుట్టూ రేపి, బొమ్మ పెట్టేశాను. అరగంటలో పదకొండుమంది చూశారు. అందులో ఇద్దరం నేనూ డైరెక్టరమ్మా.

బాబాయి వచ్చి చూశాడు. జేబు తడుముకున్నాడు, దువ్వెన లేదు. వేళ్ళతోనే నా తల దువ్వి, వెళ్ళి బొమ్మలో పాపకి రిబ్బను కట్టాడు. నా బొమ్మ తీసేసి ఆయనది పెట్టాను.

మూడింటికల్లా దాన్ని వేలమంది పంచుకున్నారు. ఎక్కడ మొదలైందా అని చూస్తే, శిబిరంలోనే. సాయంత్రం ఉత్తర్వు ఆరు నెలలు వాయిదా పడింది.

శిబిరం నుంచి ఒకామె ఫోన్ చేసింది. "రిబ్బను పాప మా అమ్మాయేనండీ. ఈ అవతారంలో బొమ్మ వద్దు, చుట్టాలు చూస్తారన్నాం. మీ బాబాయిగారు దువ్వెనిచ్చి, అందరం దువ్వుకునేదాకా పెన్సిలు ముట్టుకోలేదు. అందుకే ఆ బొమ్మ చుట్టాలందరికీ మేమే పంపాం. దువ్వెన ఇక్కడే ఉండిపోయింది, పంపించమంటారా?"

ఇన్నేళ్ళూ ఆ దువ్వెన ఎవరికోసమో అప్పుడు తెలిసి నాకు సిగ్గేసింది. బాబాయిని అడిగాను.

"ఉంచుకోమను. నాకెందుకురా?" అని బట్టతల నిమురుకున్నాడు.

మర్నాడు జేబులో కొత్త దువ్వెనతో వచ్చాడు. ఆయన అడక్కముందే నేను తల వంచి ఎదురుగా కూర్చున్నాను.