రిపోర్టు బాగొచ్చిన నెలలు

మాదాపూర్‌లో రాళ్లు పేల్చి కంపెనీలు కడుతున్న రోజుల్లో నాకు అక్కడ ఉద్యోగం దొరికింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. ఎవరైనా "ఇది పనిచేస్తుంది" అంటే "చూపించు" అన్నందుకే నాకు జీతం. ఆ బుద్ధి ఆఫీసు గేటు దగ్గర ఆగేది కాదు. పొద్దున్నే నిమ్మరసంలో తేనె కలిపి తాగితే పొట్ట తగ్గుతుందని క్యాంటీన్‌లో ఒకావిడ చెప్పింది. తేనె ముట్టకుండా ఊరికే నడిచినవాళ్లకు తగ్గలేదా అని అడిగాను. ఆమె మళ్లీ నా పక్కన కూర్చోలేదు. నాకూ పోయిందేం లేదు.

పుప్పాలగూడలో అక్కాబావల ఇంట్లో ఉండేదాన్ని. బావకు ఒక పాత వ్యాను ఉండేది. మెహదీపట్నం వైపు నుంచి మా ఆఫీసు వాళ్లను ఎక్కించుకొచ్చి, సాయంత్రం మళ్లీ దింపేవాడు. ఆ ఇల్లు గడిచేది దాని మీదే. మనిషి భారీగా ఉన్నా మాట తేలిక. "మా మరదలికి దేవుడు ఎదురొచ్చినా కార్డు చూపియ్యమంటది" అని వ్యానులో అందరికీ చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని, ఎందుకంటే అది నిజమే.

బావకు షుగర్ ఉందని బయటపడ్డాక దవాఖానలో గోలీలు రాసిచ్చారు. కొన్నాళ్లు వేసుకున్నాడు. ఇంతలో అక్క ఎక్కడినుంచో వేగిస చెక్కతో చేసిన గ్లాసు కొనుక్కొచ్చింది. రాత్రి అందులో నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి కషాయం రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు తాగితే షుగర్ దిగుతుందని మా వైపు చాలామంది నమ్మకం. రంగు దిగింది కనుక మందూ దిగినట్టే అని అక్క లెక్క.

"చెక్కనీళ్లు తాగితే తాగు బావా, గోలీలు మాత్రం మానకు" అన్నాను.

"రెండూ ఏసుకుంటే దేంతోని తగ్గిందో ఎట్ల తెలుస్తది? ఒక్కటొక్కటి పట్టుకొని చూడాలె అని నువ్వే గద చెప్తవు."

నా మాట నాకే తిప్పికొట్టాడు. పోట్లాడాను, అలిగాను, అక్కతో రెండు పూటలు మాట్లాడలేదు. చివరికి నెలనెలా రక్తపరీక్ష చేయించాలని, రిపోర్టు చెడితే ఆ రోజునుంచే గోలీలు మళ్లీ మొదలుపెట్టాలని ఒప్పందానికొచ్చాం.

రిపోర్టు బాగొచ్చింది. మరుసటి నెలా బాగొచ్చింది. బావ దాన్ని వ్యానులో అందరి ముందు నా ఒళ్లో పెట్టి "ఇగ చూసుకో, కార్డు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ల్యాబు మీద అనుమానపడి ఇంకో ల్యాబుకు పంపాను. అక్కడా బాగుంది. అంతమంది నవ్వుతుంటే, కంటి ముందు ఆధారం పెట్టుకుని కాదనడం మొండితనమే అవుతుంది కదా అని నోరు మూసుకున్నాను. ఆ చెక్కలో ఏదో ఉందేమోనని కూడా అనిపించింది.

బావ చెప్పులు వేసుకుని బండి నడిపేవాడు కాదు. మా దగ్గర చాలామంది డ్రైవర్లు అంతే. అన్నం పెట్టే బండిని చెప్పుకాలితో తొక్కరు. ఆ పాత వ్యానులో ఇంజను వేడంతా బ్రేకు పక్కనున్న రేకుకు తగిలేది. ఎండాకాలంలో ఒకరోజు బావ ఇంట్లోకి నడిచొస్తే వెనకాలే గచ్చు మీద తడి మరకలు పడ్డాయి. అక్క కాలు పట్టుకుని తిప్పి చూసింది. కుడి అరికాలు కాలి, పొక్కి, పగిలిపోయి ఉంది. బావకు నొప్పే లేదు. "ఎప్పుడైందో తెల్వలే" అన్నాడు వింతగా.

దవాఖానలో డాక్టరు వెనకటి నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష ఒకటి రాశారు. అప్పటికి దాని సంగతి నాకు తెలియదు. ఆ ఫలితం చూసి, ఈ మనిషికి అసలు వైద్యం జరిగిందా అని అడిగారు. నేను పాత రిపోర్టులన్నీ ముందు పెట్టాను. ఆయన వాటిని చూసి, నన్ను చూసి, కాగితాలు నా వైపు జరిపారు.

బయట బెంచీ మీద అక్క చెప్పింది. రక్తం ఇవ్వడానికి ముందు నాలుగైదు రోజులు బావ అన్నం మానేసేవాడట. జొన్న గటక పలచగా తాగి, మణికొండ దాకా నడిచి వచ్చేవాడట. రక్తం ఇచ్చిన సాయంత్రం నుంచి మళ్లీ మామూలే.

"ఎందుకక్కా?"

"ఎందుకేంది? ఇంటికి చుట్టాలొస్తుంటె ఊడ్చి పెట్టుకోమా? డాక్టర్ ముందట మొఖం చెల్లాలె గద. వాడకట్టోళ్లందరు గట్లనే పోతరు."

అక్కకు అందులో మోసం కనబడలేదు. నిజానికి లేదు కూడా. నాకు అరవాలనిపించింది, కానీ ఎవరి మీద అరవను? ఆధారం అడిగేవాళ్లను మా వాళ్లు అబద్ధంతో కొట్టరు, మర్యాదతో కొడతారు. ఇప్పుడెవరైనా ఆహారం గురించి, వ్యాయామం గురించి ఏది నిజమని అడిగితే చెబుతాను. విని సరిగ్గా చేస్తారన్న ఆశ మాత్రం ఆ బెంచీ మీదే పోయింది.

పుండు పైకి పాకింది. కాలు తీసేయక తప్పదన్నారు. మోకాలి కింద తీస్తే పెట్టుడు కాలుతో మళ్లీ బ్రేకు తొక్కవచ్చని ఎవరో చెప్పారు. ఇక బావ ధ్యాసంతా ఆ మోకాలి మీదే. లోపలికి తీసుకెళ్లే రోజు పొద్దున డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మోకాలు దక్కదని, తొడ దగ్గరే తీయాలని చెప్పారు. అక్కకు మీరే చెప్పండన్నారు. నేను గదిలోకి వెళ్లేసరికి బావ మేలుకునే ఉన్నాడు.

"నువ్వు అబద్ధం చెప్పవు గద. మోకాలు కిందికే ఆగుతదా?"

"ఆగుతుంది బావా" అన్నాను.

బావ నా చేయి పట్టుకున్నాడు. "గట్లయితే ఫికర్ లేదు. దసరకల్ల బండి తోలుత" అని కళ్లు మూసుకున్నాడు.