శాంతమ్మ టీచరు వెతికిన మొదటి రీలు

శాంతమ్మ టీచరుకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆళ్లగడ్డలో అందరూ అనేవాళ్లు. ఉంటే తప్పేంటి? అవుకులో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, ఇంగ్లీషు టీచరు దాకా వచ్చిన మనిషి. ఆమె పనిచేసే మిషను బడిలోనే నేను లెక్కలు చెప్పేదాన్ని. ఎనభై రెండులో ఆ కోపమే లేకపోతే ఏసమ్మ బతుకు వీధిన పడేది.

ఏసమ్మ మా కుట్టు టీచరు, ఇరవై రెండేళ్ల పిల్ల. ప్రార్థన గదిలో ఒంటరిగా తెరలు సర్దుతుంటే బడి గుమాస్తా సుబ్బరాయుడు వెనకనుంచి వచ్చి పట్టుకున్నాడు. ఆమె బడంతా వినేలా అరిచింది. తీరా చూస్తే, అరిచి బడి పరువు తీసిందని తప్పంతా ఏసమ్మ మీదికే వచ్చింది. ఆదివారం సాయంత్రం కమిటీ ముందు కుట్టుగది తాళంచెవి అప్పగించి వెళ్లిపోవాలని కరస్పాండెంటు నతానియేలు కబురు పెట్టాడు. సుబ్బరాయుడు మాత్రం తన కుర్చీలో కూర్చుని దర్జాగా టీ తాగుతున్నాడు. చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

ఏసమ్మ తిండి మానేసి ఏడుస్తూ కూర్చుంది. అదే వారం మా ఊరి డేరా టాకీసుకు ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. శాంతమ్మ ఏటా తొమ్మిదో తరగతికి చెప్పే గ్రీకు కథే, మెడూసాది.

"లెయ్, పోదాం పా. ఆ పిల్లకు గుళ్లోనే అన్యాయం చేసినోడు సముద్రం దేవుడు. ఆ గుడి దేవత శాపం పెట్టింది మాత్రం ఈ పిల్లకు. జుట్టంతా పాములైపాయ. ఆమె తప్పేం లేదని నువ్వే కండ్లారా చూస్తువు గాని" అని ఏసమ్మను లాక్కుపోయింది. వాళ్లతో నేనూ వెళ్లాను.

సినిమాలో ఆ ముక్కే లేదు. తెర మీదికి వస్తూనే మెడూసా రాక్షసి. ఎందుకలా అయిందో ఒక్క మాట చెప్పలేదు. కథలో రెక్కల గుర్రం ఎక్కింది వేరే వీరుడు, ఇక్కడ మెడూసాను చంపడానికి వచ్చిన హీరోనే ఎక్కాడు. "పోనీలే" అంది శాంతమ్మ. వాడు మెడూసా తల నరికాడు. డేరా అంతా ఒకటే ఈలలు. ఏసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

రెండో ఆటకు టైమవుతుందని మా డేరావాళ్లు రీళ్లు ఎగరగొట్టడం ఊరందరికీ తెలిసిందే. శాంతమ్మ సరాసరి ప్రొజెక్టరు గదిలోకి పోయి ఆపరేటరు మాబు సాహెబ్ మీద విరుచుకుపడింది.

"మొదటి రీలు యాడ?"

"అన్నీ ఏసినా టీచరమ్మా, అల్లా తోడు."

"అబద్దాలు చెప్పొద్దు. ఆ పిల్ల గుడికి పోయే కత యాడికి పాయ?"

"డబ్బాలో ఉండేదే ఏస్తాండా తల్లీ. నంద్యాలలో గూడా ఇదే ఆడతాంది. నమ్మకం లేకపోతే ఆడ పోయి చూసుకోండి."

ఆదివారం శాంతమ్మ ఆరాధన మానుకుని, నన్ను వెంటబెట్టుకుని పొద్దుటాటకు నంద్యాల పోయింది. పేర్లు పడ్డప్పటినుంచీ రెప్ప వేయకుండా చూసింది. ఆ ముక్క అక్కడా లేదు. అసలు తీసినవాళ్లే తీయలేదు.

తిరుగు బస్సులో ఆమె ముఖం కందగడ్డలా ఉంది. "రీలు పోయిందనుకుంటి. గుర్రాన్ని మార్చుకోనీ, పేర్లు మార్చుకోనీ. ఆమెకు జరిగిన అన్యాయం తీసేసి, తల నరికేది మాత్రం పెట్టుకుంటారా? మన కమిటీ గూడా అదే సినిమా తీస్తాంది" అంది.

సాయంత్రం కమిటీలో నతానియేలు గొంతు సవరించుకున్నాడు. "ఏసమ్మ ప్రార్థన గదిలో గట్టిగా అరిచి..."

"అరిచేదానికి ముందు ఏం జరిగె? ఆడినుంచి చెప్పన్నా" అంది శాంతమ్మ.

"అదంతా ఇప్పుడెందుకు టీచరమ్మా?"

"అది లేకుండా కత నడపనీయను. ఏసమ్మా, లోపలికి రా. నువ్వే చెప్పు."

వాకిట్లో నిలబడి ఉన్న ఏసమ్మ తాళంచెవి గుప్పిట్లో బిగించి లోపలికి వచ్చింది. జరిగిందంతా ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ చెప్పింది. పెద్దమనుషులట! ఒక్కడు కూడా ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. గుమాస్తాగా పక్కనే కూర్చున్న సుబ్బరాయుడు కుర్చీలోనే బిగుసుకుపోయాడు.

సోమవారం పొద్దున కుట్టుగది తాళం ఏసమ్మే తీసింది. తాళంచెవి ఇమ్మని ఎవరూ రాలేదు.