మా సొరకాయ కొలిచినాయన

పోయిన వేసవిలో మా గ్రూపు నాకు పంపిన నవ్వు మొహాలన్నీ ఒకచోట కుప్పపోస్తే నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైలు ఆగిపోతుంది. నవ్వీ నవ్వీ కళ్లలోంచి నీళ్లు కారే పచ్చటి గుండ్రటి మొహాలు. అన్ని కన్నీళ్లలో నిజం బొట్టు ఒక్కటీ లేదు. ఇప్పటికీ ఆ బొమ్మ కనిపిస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

గ్రూపంటే మా ఊరి తెలుగువాళ్లం ఫోన్లో కట్టుకున్న పేట. దాని పేరులో 'కుటుంబం' అన్న మాట కూడా ఉంది. ఆ కుటుంబంలో ఎంతమందిమంటే, విడిగా ఎన్నికలు పెట్టుకుని మాకో ముఖ్యమంత్రిని ఎన్నుకోవచ్చు. ప్రమాణస్వీకారానికి షేర్వాణీ కుట్టించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇది కాక నాకో బ్లాగుంది. అందులో మంచు గురించీ, మా ఆవిడ గురించీ, పెరట్లో నా వ్యవసాయం గురించీ గోరంతలు కొండంతలు చేసి రాస్తుంటాను. కొండంత చెయ్యకపోతే గోరంత ఎవడు చదువుతాడు? లింకు గ్రూపులో పెట్టడమే ఆలస్యం, "అన్నా కేక", "బ్రో అదిరింది" అని వచ్చిపడేవి. నాకింత బలగం ఉందని పిచ్చి నమ్మకంతో బతికాను.

అలా ఉండగా మా ఆవిడకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు.

"ఎంతెంత రాళ్లే?" అన్నాను కంగారుగా.

"మీరు బ్లాగులో రాసే సైజువి కాదులెండి. మామూలువే."

జోకైతే వేసింది గానీ, ఆ సాయంత్రం సింకు దగ్గర గిన్నె కడుగుతూ, నా వైపు తిరక్కుండా, "అమ్మ వస్తే బాగుణ్ణు" అంది. పెళ్లయినప్పట్నుంచీ మా ఆవిడ నాకు ఆజ్ఞలు జారీ చెయ్యడమే గానీ అడగడం ఎరగను. కడిగిన గిన్నే మళ్లీ కడుగుతోంది పాపం.

మా అత్తగారు తణుకులో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. క్లాసులో పులి. ఆవిడ గొంతు సవరించుకుంటే పక్క స్కూల్లో పిల్లలు కూడా ఎక్కాలు అప్పజెప్పేవారని చెప్పుకుంటారు, అంటే నేను చెప్పుకుంటాను. వీసా ఎప్పుడో వచ్చి పాస్‌పోర్టులో నిద్రపోతోంది. ఆవిడ బయల్దేరకపోవడానికి కారణం ఒక్కటే, ఎస్కలేటర్. రాజమండ్రిలో ఏదో మాల్‌లో కదిలే మెట్ల మీద చీర అంచు ఇరుక్కున్నప్పట్నుంచీ ఆ పులి వాటిముందు పిల్లి. హైదరాబాద్‌లో ఎక్కి దోహాలో విమానం మారి షికాగో రావాలంటే ఎన్ని కదిలే మెట్లు ఎక్కి దిగాలో!

మనవాళ్లలో దీనికో ఆచారం ఉంది. పెద్దవాళ్లకి టికెట్‌తో పాటు వీల్‌చెయిర్ కూడా బుక్ చేసేస్తాం. కాళ్లు బాగోక కాదు, తోసేవాడు దారి చూపిస్తాడని. తిరుపతి కొండ మోకాళ్లతో ఎక్కిన ఆవిడ కూడా ఎయిర్‌పోర్ట్ గుమ్మంలో కుర్చీలో కూలబడి, ఇక్కడ బయటికి రాగానే మనవడి వెనకాల పరుగు తీస్తుంది. వైద్యశాస్త్రానికి అంతుబట్టని మహిమ అది. మా అత్తగారికి కూడా అదే చెప్పాను.

"నా కాళ్లకేం వచ్చింది బాబూ?" అన్నారు వీడియో కాల్‌లో, చత్వారం కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"ఏం రాలేదండీ. ఊరికే, సౌకర్యం కోసం..."

"అబద్ధం ఆడొద్దని పిల్లల్ని కొట్టి మరీ నేర్పించాను. ఇప్పుడు నేను నడవలేనని రాసిమ్మంటారా? తోడు ఎవరైనా దొరికితే వస్తాను. దొరక్కపోతే టికెట్టు రద్దు చేసెయ్యండి."

ఇంతే సంగతి. ఆ విమానంలో వచ్చే తెలుగుమనిషి ఒక్కరు కావాలి. దొరికితే మా ఆవిడ పక్కన వాళ్లమ్మ ఉంటుంది, దొరక్కపోతే ఉండదు.

నేను వెంటనే గ్రూపులో రాశాను. నా పద్ధతిలో రాశాను. "కుటుంబ సభ్యులారా! గోదావరి పులి అమెరికా మీద దండెత్తుతోంది. దోహాలో విమానం మార్పించి, కదిలే మెట్ల దగ్గర చెయ్యి పట్టుకునే వీరుడు కావలెను. ఆ చెయ్యి తిరిగి ఇవ్వబడునన్న హామీ లేదు. బతికి బయటపడ్డవారికి జీవితాంతం మా పెరటి సొరకాయలు ఉచితం." కింద తేదీ, విమానం వివరాలు కూడా పెట్టాను.

రైలు ఆపే ఆ నవ్వుల కుప్ప అప్పుడే పడింది. "అన్నా, అత్తగారి మీద సిరీస్ మొదలెట్టారా! పార్ట్ టూ ఎప్పుడు?" అని ఒకడు. "పొట్ట చెక్కలయ్యింది బ్రో" అని ఇంకొకడు. ఆ చెక్కలు ఏరుకుని వాడి నెత్తిన కొట్టాలనిపించింది. పైగా ఎవడో దాన్ని ఫార్వర్డ్ చేశాడు. అది దేశమంతా తిరిగి, శాన్ రామన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు దగ్గర్నుంచి నా ఫోన్‌కే వచ్చింది. "అన్నయ్యా, ఇది చదువు. అచ్చం మీ అత్తగారే!" అని. కింద నా పేరు లేదు, తేదీ లేదు, విమానం లేదు. పులి మాత్రం ఉంది.

తప్పు మీ రాతదే అంటుంది మా ఆవిడ. నేను ఒప్పుకోను. పాతికేళ్లుగా తెలుగు చదువుతున్న మొహాలు, కింద తేదీ ఉందో లేదో చూడొద్దూ?

మర్నాడు పళ్లు కొరుక్కుంటూ ఉన్నదున్నట్టు రాశాను. మా అత్తగారు ఫలానా రోజు వస్తున్నారు, నా భార్యకి ఆపరేషన్, ఆ విమానంలో ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంత చప్పటి వాక్యం నా జన్మలో రాయలేదు. కానీ ఆ రోజు మా అడ్మిన్‌గారి అబ్బాయి పుట్టినరోజు. మా గ్రూపులో పుట్టినరోజు నాడు ఎవరి కేకు బొమ్మ వాళ్లు విడివిడిగా పెట్టాలి. పెట్టనివాళ్లని గుర్తుపెట్టుకుంటారు. కేకులు, బెలూన్లు, గంతులేసే ఎలుగుబంట్లు. నా వాక్యం ఆ వరదలో ఎక్కడ మునిగిందో గజ ఈతగాళ్లని దింపినా దొరకదు. మళ్లీ పెట్టాను. అడ్మిన్ విడిగా మెసేజ్ చేశాడు.

"అన్నా, ఏమనుకోవద్దు. బాబు బర్త్‌డే కదా, రేపు పోస్ట్ చేస్తారా? ఫ్లో పోతోంది."

ఫ్లో! మా ఆవిడ పొట్ట పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే వీడికి ఎలుగుబంట్ల ఫ్లో పోతోంది!

సాయంత్రానికి ఒకావిడ ఫోన్ చేసింది. హమ్మయ్య, ఒక మనిషి పలికింది అనుకున్నాను.

"ఆంటీ వస్తున్నారట కదండీ?"

"అవునండీ! మీవాళ్లెవరైనా ఆ ఫ్లైట్‌లో ఉన్నారా?"

"అబ్బే, లేరండీ. మా అమ్మ ఒక చిన్న ప్యాకెట్ ఇస్తుంది, ఆంటీతో తెప్పించండి. ఆవకాయే. బాగా ప్యాక్ చేస్తాం, నూనె కారదు."

తర్వాత ఇంకొకాయన కారప్పొడి, మరొకావిడ జాకెట్లు. ఆంటీకి తోడొచ్చేవాళ్లు లేరు గానీ ఆంటీతో వచ్చే జాడీలకి క్యూ కట్టారు. నేను ఫోన్ పెట్టేసి పెరట్లోకి పోయి, ఒక్క తిట్టూ వృథా పోకుండా సొరపాదుకి అన్నీ వినిపించాను. పాదు వాడిపోయింది. ఎండకి అంటుంది మా ఆవిడ.

రోజూ పొద్దున్నే కాఫీ ఇస్తూ అడిగేది: "ఎవరైనా పలికారా?" లేదనడానికి నాకు నోరు రాక, "చూస్తున్నారు" అనేవాణ్ని. నిజమే. అందరూ చూశారు.

ఇక్కడ ఒక పాత శత్రువు గురించి చెప్పాలి. నా బ్లాగు కింద 'ఓ పాఠకుడు' అనే పేరుతో ఒకాయన రాసేవాడు. పొగడడు, తిట్టడు. సరిచేస్తాడు. మా సొరకాయ నిలువెత్తు కాసిందని నేను రాస్తే, "ఫోటోలో పక్కనున్న చెంబుని బట్టి చూస్తే మూరెడు కూడా లేదండీ" అన్నాడు. మంచు కిటికీ దాకా పేరుకుందంటే, "నేనూ ఈ ఊళ్లోనే ఉన్నాను. మడమ దాకా పడింది" అన్నాడు. ఎవరైనా అన్నం తింటూ మెతుకులు లెక్కపెడతారా? వసంతంలో ఓపిక నశించి బ్లాక్ చేసి పారేశాను. ఆ రోజు కడుపునిండా భోంచేశాను.

ఇక తోడు దొరకదు, టికెట్టు రద్దు చెయ్యాలి అనుకున్న రోజున అత్తగారే ఫోన్ చేశారు.

"బాబూ, తోడు దొరికారు. బట్టలు సర్దుకుంటున్నాను."

"ఎవరండీ? ఎక్కడ దొరికారు?"

"అదే, మీ సొరకాయ కొలిచినాయన."

నా చేతిలో కాఫీ కార్పెట్ మీద మిసిసిపీలా పారింది.

"ఆయన మీకెలా తెలుసు?"

"మీ బ్లాగు కిందే. ఆయన మూరెడు లేదన్నప్పుడు, నిజమే నాయనా, చిన్నదే, మా అమ్మాయి వీడియోలో చూపించింది అని నేను జవాబిచ్చానుగా! అప్పట్నుంచీ మాట్లాడుకుంటాం. మీరు చూళ్లేదా?"

ఇంటి గుట్టు లంకకు చేటు! నా సొంత అత్తగారు, నా సొంత బ్లాగులో, నా సొంత సొరకాయకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పారు.

"అలా ముక్కూ మొహం తెలియని మనిషితో ఎలా వస్తారండీ?"

"తెలియకపోవడమేంటి? మీ బ్లాగులో ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఆయనొక్కడే. వాళ్లావిడతోనూ మాట్లాడాను. వాళ్ల నాన్నగారిని చూడ్డానికి వచ్చాడు, అదే విమానంలో తిరుగు ప్రయాణం. మీ గ్రూపులోనూ ఉన్నాడట. మీరు రాసింది చూసి, అక్కడ జవాబిస్తే కేకుల్లో మునిగిపోతుందని వెంటనే మీ బ్లాగుకి రాశాడట. వెళ్లలేదట, అందుకని నాకే చెప్పాడు. ఎందుకు వెళ్లలేదు బాబూ?"

నేను సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

అత్తగారు దిగే రోజు మధ్యాహ్నం ఎండలో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాం. పులి నడుచుకుంటూ వచ్చింది, బండి తనే తోసుకుంటూ. మా ఆవిడ వెళ్లి మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. అత్తగారు కూతురి పొట్ట మీద చెయ్యి వేసి, "రాళ్లు ఎంతెంత ఉన్నాయే? మీ ఆయన కొబ్బరికాయలంతని చెప్పాడు" అన్నారు. మా ఆవిడ నవ్వుతూ ఏడ్చింది. ఫోన్లో బొమ్మలు చేసేదీ ఆ పనే గానీ, మనిషి చేస్తే వేరుగా ఉంటుంది.

వెనకాల భుజానికి బ్యాగు తగిలించుకున్న ఒక సన్నటి మనిషి. మా వీధికి రెండు వీధుల అవతలే ఉంటాడట. నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు రాసినట్టు మీది పూర్తి బట్టతల కాదండీ. కొంచెం పలచబడింది, అంతే."

కౌగిలించుకోవాలో కరవాలో తెలియలేదు. "మెట్ల దగ్గర మా అత్తగారు బాగా భయపడ్డారా?" అన్నాను.

"లేదండీ. మెట్టుకీ మెట్టుకీ మధ్య వ్యవధి లెక్కేసుకుని ఎక్కేశారు. చెయ్యి మాత్రం పట్టుకున్నారు. తిరిగి ఇచ్చేశారు."

మా ఆవిడ ఆనందం పట్టలేక గ్రూపులో ఫోటో పెట్టింది. ఇల్లు చేరేలోపు అడ్మిన్ రాశాడు: "ఇదీ మన కుటుంబం పవర్! ఒక్క మెసేజ్‌తో ఆంటీకి తోడు దొరికింది. ప్రౌడ్ మూమెంట్!" దాని కింద దండాలు, గుండెకాయలు. నవ్వినవాళ్లే దండాలు పెట్టారు. ఒకావిడ మాత్రం సూటిగా అడిగింది: "ఆంటీ, మా ఆవకాయ?"

ఆపరేషన్ రోజు ఆస్పత్రి వెయిటింగ్ రూములో కూర్చుని గ్రూపులోంచి బయటికి పోతూ పెట్టే శాపం రాస్తున్నాను. అది భారతం కన్నా ఒక పర్వం ఎక్కువే ఉంది. పక్కన అత్తగారు. సరిగ్గా అప్పుడే ఎవరో చదువుకునే అమ్మాయి గ్రూపులో రాసింది. అమ్మ మొదటిసారి వస్తోంది, ఇంగ్లీషు రాదు, ఈ విమానంలో ఎవరైనా ఉన్నారా అని. దాని మీద దబదబా పూలగుత్తులు పడ్డాయి, ఎవరిదో పెళ్లిరోజు.

అత్తగారు నా ఫోన్లోకి తొంగి చూశారు. "ఈ పిల్ల అడిగింది ఎవరూ చూళ్లేదేం?"

"చూశారండీ. వాళ్లకి చూడ్డమే వచ్చు."

"అయితే మళ్లీ అడగండి."

శాపం చెరిపేసి ఆ పిల్ల మెసేజ్ మళ్లీ పెట్టాను. పూలు పడ్డాయి. మళ్లీ పెట్టాను. అడ్మిన్ వచ్చాడు: "అన్నా, స్పామ్ చేయొద్దు ప్లీజ్." మళ్లీ పెట్టాను. డాక్టరు బయటికొచ్చి అంతా బాగా జరిగింది, ఆవిడ మత్తులో వాళ్లమ్మని పిలుస్తున్నారు అన్నాడు. అత్తగారు లోపలికి పరుగు తీశారు. నేను కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టాను.

అప్పుడు ఎప్పుడూ పలకని ఒక నంబరు కింద రాసింది: "ఏ తేదీ? ఎక్కడ మారాలి? కనుక్కుంటాను."

ఇప్పటికీ ఎవరు తోడు అడిగినా, కేకుల మధ్య, ఎలుగుబంట్ల మధ్య, పండగ శుభాకాంక్షల మధ్య, మనిషి దొరికేదాకా నేనది పెడుతూనే ఉన్నాను. గ్రూపులో సగంమందికి నన్ను చూస్తే ఒళ్లు మంట. నిన్న ఒకడు ఎర్రగా పళ్లు బిగించిన మొహం పంపాడు. మా కుటుంబంలో నాకు అందిన మొట్టమొదటి నిజమైన మొహం అదే. దానికి దండం పెట్టి, మెసేజ్ మళ్లీ పెట్టాను.