తడిసిన సంచి

రవికిరణ్‌కు నలభై దాటాయి. ఢిల్లీ వసంత్ కుంజ్ వెనక, రాళ్లూ సర్కారు తుమ్మలూ తప్ప మరేమీ లేని నేలలో చిట్టెలుకల్ని పట్టి తూచడం అతని పని. ఇవి ఇళ్లలో తిరిగే ఎలుకలు కావు. నేలలో బొరియ తవ్వుకుని బతుకుతాయి. తోక వదిలేస్తే చూపుడువేలంత ఉంటాయి. బరువు పది గ్రాములు. అరచేతిలో పెట్టుకున్నా ఉన్నట్టు తెలియదు.

బొబ్బిలి నుంచి పీహెచ్‌డీకి వచ్చి, గడువు మీద గడువు తెచ్చుకుంటూ ఢిల్లీలోనే ఉండిపోయాడు. తోటివాళ్లు లెక్చరర్లయ్యారు, ఫ్లాట్లు కొన్నారు. అతను ప్రాజెక్టు ఉంటే అసిస్టెంటు, లేకపోతే ట్యూషన్ మాస్టారు. ఈసారిదే ఆఖరి గడువని యూనివర్సిటీ చెప్పేసింది. ఫిబ్రవరిలో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

ఆ థీసిస్ మొత్తం ఒక్క మాట మీద నిలబడింది: మిగతాచోట్ల చలికి చిక్కిపోయే చిట్టెలుకలు ఇక్కడ మాత్రం బరువెక్కుతున్నాయి.

జనవరిలో ఒక ఉదయం పొగమంచు దట్టంగా పట్టింది. జనక్‌పురిలో పుట్టి పెరిగిన జూనియర్ అనూహ్య సాయానికి వచ్చింది. బోనులోని ఎలుకను గుడ్డసంచిలోకి దింపి, సంచిని స్ప్రింగు త్రాసుకు తగిలిస్తారు. వచ్చిన అంకెలోంచి సంచి బరువు తీసేస్తారు. ఎలుకను వదిలేశాక అనూహ్య ఖాళీ సంచిని మళ్లీ త్రాసుకే తగిలించింది.

"అన్నా, యే దేఖో. ఖాళీ సంచి కూడా మోటా, లావైపోయింది!"

"ఏటి?"

"లోపల ఇంకో చూహా ఉందేమో," అని నవ్వింది.

రవికిరణ్ గ్లౌజు తీసి సంచిని నలిపి చూశాడు. చేయి తడిసింది. సంచి బరువు ఎప్పుడూ గదిలో, హీటరు పక్కన, పొడిగా ఉన్నప్పుడు చూసిందే. మంచులో ఆ గుడ్డ తాగిన నీళ్లను ఇన్ని చలికాలాలూ ఎలుకల ఖాతాలో వేశాడు. పెద్ద జంతువైతే ఈ రెండు గ్రాముల తడి లెక్కలోకి రాదు. పది గ్రాముల ప్రాణికి అది ఐదో వంతు.

విషయం అర్థమై అనూహ్య నవ్వు ఆపేసింది. "సారీ అన్నా."

"నువ్వేటి సేసినావమ్మా."

గైడ్ రాధాకృష్ణమూర్తిది తెనాలి. అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తడి ఎంతో లెక్కగట్టి తీసెయ్యలేవా?"

"ఏ రోజు గుడ్డ ఎంత తాగిందో ఇప్పుడెలాగ తెలుస్తాది మేస్టారూ?"

"ఇన్నేళ్లు తూచావు గదయ్యా. సంచి తడుస్తుందని తట్టలా?"

"తట్టలేదండి. చేతులకి గ్లౌజులుండీవి."

రాధాకృష్ణమూర్తి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "నాకు చెప్పకుండా ఉండాల్సిందోయ్. ఇప్పుడు సంతకం ఎట్లా పెట్టేది?"

"పెట్టొద్దండి. నేనే ఇవ్వను."

ఆయన కాదనలేదు. టీ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. ఫిబ్రవరి తర్వాత రిజిస్ట్రేషన్ రద్దయింది.

మరుసటి చలికాలం అదే నేల మీద అనూహ్య ప్లాస్టిక్ సంచులతో తూచింది. రవికిరణ్ సాకేత్‌లో ఒక ఇంట్లో పిల్లలకు బయాలజీ చెబుతుండగా ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, ఇక్కడివి కూడా చిక్కిపోతున్నాయి. అన్నిచోట్లలాగే. నయా కుఛ్ నహీ."

"ఠీక్ హై," అని ఫోన్ పెట్టేసి, పిల్లల్ని తర్వాతి పేజీ తిప్పమన్నాడు.