వెనక్కి తిరగొద్దన్నాడు

మా పెద్దవాడు ఇక లేడు. ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, అమావాస్యకు రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం తిరువొత్తియూరులో సముద్రం ఒడ్డున కరెంటు కొట్టి పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. తొండియార్‌పేటలో మా వీధివాళ్ళందరికీ తెలుసు. వాడు ఎవరెవరి పెళ్ళిళ్ళలో వీడియో లైటు పట్టుకున్నాడో వాళ్ళలో కొందరికి ఇంకా తెలియదు. మొన్న ఒకాయన తలుపు దగ్గర నిలబడి, మా అమ్మాయి పెళ్ళి క్యాసెట్టు ఇంకా రాలేదమ్మా, మీవాణ్ణి కాస్త అడగండి అన్నాడు. అడుగుతానన్నాను. ఏం చెప్పను?

నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇలా రాయడం నాకు కొత్త. కానీ సావుకు వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. ఆ బెస్తామె కరెంటు ఇవ్వబట్టే కదా పిల్లవాడు పోయాడు, అని. ఆమె తనంతట తాను ఇవ్వలేదు. నేను అడిగితే ఇచ్చింది. అది మీ అందరికీ తెలియాలని రాస్తున్నాను.

వాడికి వీడియో షాపులో లైటు పట్టే పని. తాళి కట్టేటప్పుడు పెళ్ళికూతురి ముఖం మీద ఆ తెల్లటి లైటు వేసేది మావాడే. పక్కన కెమెరా పట్టుకునేవాణ్ణి చూసి చూసి, తనూ ఒక సినిమా తీయాలనుకున్నాడు. దెయ్యం సినిమా, పావుగంటది. చేతిలో కాసు లేదు. అయితే ఆడి నెలలో పెళ్ళిళ్ళు ఉండవు, ఓనరు కెమెరా బీరువాలో ఊరికే పడి ఉంటుంది. ఆ నెల చూసుకుని అడిగాడు. ఆయన సరేనన్నాడు.

"ఆడిలో ఏ పనీ మొదలుపెట్టకూడదురా," అన్నాను నేను.

"దెయ్యానికి మంచి ముహూర్తం ఎందుకుమా? దానికి ఈ నెలే కరెక్టు."

వాళ్ళ నాయన హార్బర్‌లో పని ముగించుకుని వచ్చి చొక్కా విప్పుతూ విన్నాడు. "దెయ్యముండే ఇల్లు కావాల్నా? మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ ఇల్లేగా," అన్నాడు. ముగ్గురం నవ్వాం.

కథ చిన్నది. ఒక ఇంట్లో ఒక గది ఎప్పుడూ మూసే ఉంటుంది. కొత్తగా అద్దెకు దిగినవాడు చివరికి దాన్ని తీస్తాడు. లోపల ఒక ఆడమనిషి జుట్టు విరబోసుకుని, అటు తిరిగి కూర్చుని ఉంటుంది. తిరగదు. అంతే. తిరిగితే ముఖానికి మేకప్ కావాలి కదా, అనేవాడు. తలుపు విషయంలోనూ అదే లెక్క. "మూసిన తలుపు ఎంతసేపైనా చూపించొచ్చుమా. తీస్తేనే ఖర్చు."

సామాన్లన్నీ ఇంట్లోవే. పొగకు సాంబ్రాణి. బకెట్లో తడి ఇసుక పోసి, మాపు కర్ర నాటి, దానికి లైటు కట్టాడు. రాత్రి సీన్లు కూడా పగలే తీయొచ్చట, కెమెరా కంటికి నీలం కాగితం కడితే చాలట. రక్తం కావాలంటే నేను పసుపు నీళ్ళలో సున్నం కలిపి సీసాలో పోసిచ్చాను. మన ఇళ్ళల్లో దిష్టి తీసి వీధిలో పారబోసే ఎర్రనీళ్ళే అవి. పారబోయాల్సినదాన్ని బిరడా పెట్టి గూట్లో దాచడం నాకు నచ్చలేదు. నాలుగు రోజులు ఆ సీసా మా ఇంట్లోనే ఉంది. రాను పోను దానివైపు చూడకుండా నడిచేదాన్ని.

ఇక చోట్లు వెతకడం. ఆదివారాలు నన్ను వెంట తీసుకుపోయేవాడు. "నువ్వు చుమ్మా, ఊరికే నిలబడు చాలు. మేము కుర్రాళ్ళం అడిగితే తరుముతారు. నిన్ను చూస్తే తలుపు తీస్తారు," అనేవాడు. నేను జార్జి టౌన్‌లో మిరపకాయల మండీలో తొడిమలు తీసే పనికి పోతాను. ముందు అక్కడి పాత గోడౌన్ చూపించాను. చీకటి, ఎత్తు కప్పు, గబ్బిలాలు. వాచ్‌మన్ నాకు తెలిసిన తాతే.

"దెయ్యాన్ని ఈడ పెడితే అది తుమ్మి తుమ్మి రెండోసారి చస్తాదిరా నాయనా," అన్నాడాయన. నిజమే, వాడూ వాడి స్నేహితుడూ లోపల రెండు నిమిషాలు ఉండలేకపోయారు, కళ్ళ నిండా నీళ్ళు. ఆ స్నేహితుడు కూడా షాపులోనే పని, కెమెరా పట్టేది అతనే. మావాడు మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే గోడల వెంట చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. ఏ చోటికి పోయినా మొదట వెతికేది అదే. "ముందు ప్లగ్ పాయింట్, తర్వాతే దెయ్యం." జేబులో టెస్టర్ లేకుండా గడప దాటేవాడు కాదు. ప్లగ్ పెట్టే ముందు రెండుసార్లు చూసేవాడు. అజాగ్రత్త మనిషి కాదు నా బిడ్డ. ఇది కూడా మీకు తెలియాలి.

వాడికి ఒక నోటు పుస్తకం ఉండేది. చోటు, వెలుగు ఎప్పుడు, ప్లగ్ ఎక్కడ, ఎవర్ని అడగాలి, అని గీతలు కొట్టి రాసుకున్నాడు. వాడు పోయాక తెరిచి చూశాను. ఎవర్ని అడగాలి అన్నచోట పైనుంచి కిందిదాకా "అమ్మ" అని రాసి ఉంది.

తిరువొత్తియూరు ఇల్లు నాకు మొదట్నుంచీ నచ్చలేదు. ఆ ఇంటికి ముందు ఇంకో మూడు వీధులు ఉండేవట. అన్నిటినీ సముద్రం తినేసింది. ఇప్పుడు ఇదే ముందు వరస. ఇంటి ముందు భాగం లేదు. వెనక గది మాత్రం మూడు గోడలతో నిలబడి, నోరు తెరిచి సముద్రాన్ని చూస్తోంది. గోడకు కొట్టిన మేకుకు ఒక తాళంచెవి వేలాడుతోంది. దాని తలుపు లేదు. వాడికి అది కనబడగానే ఊపిరి ఆగినట్టయింది. "అమ్మా, ఎంత పెద్ద సినిమావాళ్ళకైనా ఇది దొరకదుమా." నాకేమో కాళ్ళ కింద ఇసుక మెల్లగా జారుతున్నట్టే ఉంది.

దాని వెనక ఇంకా ఒక ఇల్లు మిగిలి ఉంది. అందులో ఒక బెస్తామె, మొగుడు చేపల వేటకు పోయాడు, చంకలో ఎనిమిది నెలల పాప. ఆమెది తమిళం. నాకు తోచినట్టు తెలుగులో రాస్తున్నాను, చెల్లెల్ని పిలిచే తంగచ్చి అన్న మాట తప్ప.

"ఏంటక్కా, మొండిగోడలు చూసేదానికి ఇంత దూరం వచ్చినారు?"

"నువ్వే అడుగుమా," అని మావాడు నా మోచేయి తాకాడు.

"మావాడు సినిమా తీస్తాడంట తంగచ్చీ. ఒక్క పూట మీ ఇంట్లోంచి కరెంటు ఇస్తావా?"

"సినిమానా! హీరోయిన్ ఎవరు?"

"నేనే," అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. చంకలో పాప కూడా నవ్వింది. తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "ఇస్తాను అక్కా. అమావాసకు ముందే ముగించుకోండి. ప్రతి అమావాసకూ అది ఒక గోడ తీసుకుపోతాది." సముద్రం అనలేదు. అది, అనే అంది. నేను ఆ మాట విన్నాను. విని కూడా, సరే తంగచ్చీ అన్నాను.

సినిమా తీసే ఆదివారం మబ్బు పట్టి ఉంది. వాడు ఆమె ఇంట్లోంచి వైరు లాగాడు. చాలక ఇంకొకటి కలిపి, టేపు చుట్టి, ఆ ముడిని నేల తాకకుండా ఇటుక మీద పెట్టాడు. నన్ను గది మధ్యలో, సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టాడు. జడ విప్పమన్నాడు. పట్టపగలు జుట్టు విరబోసుకుని కూర్చోవడం నేను పెళ్ళయినప్పట్నుంచి ఎరగను.

"అమ్మా, ఏం జరిగినా వెనక్కి తిరగొద్దు. నేను కట్ అనేదాకా కదలొద్దు."

వాడు నాతో మాట్లాడిన చివరి మాట అదే.

కూర్చున్నాను. వెనక లైటు వెలిగింది. పక్కగోడ మీద నా నీడ పడింది. ఎదురుగా నీళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఉన్నట్టుండి ఒక అల మిగతావాటిలా ఆగలేదు. నా కాళ్ళ మీదుగా, నా పక్కనుంచి గదిలోకి పోయింది. వెనక చప్ చప్ మని పరుగు వినబడింది. గోడ మీద నా నీడ ఒక్కసారి పెద్దదై, పక్కకు ఒరిగి, పోయింది. ఏదో పడిన చప్పుడైంది. నేను తిరగలేదు. సీనులో భాగమనుకున్నాను. వాడు బాగా తీస్తున్నాడనుకున్నాను. చీర తడిసి ఒంటికి అంటుకుంటున్నా, వాడి పని చెడిపోకూడదని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

స్నేహితుడు బెస్తామె ఇంటివైపు తిరిగి, ఆపమని అరిచాడు. "కరెంట్! అక్కా, కరెంట్ ఆఫ్ పణ్ణుంగ!" అప్పుడు తిరిగాను.

నీళ్ళు ఇటుకను తోసేశాయి. ముడి నీళ్ళలో పడుతుంటే, కెమెరా పట్టుకుని నిలబడ్డవాడికి కొడుతుందని, మావాడు చేత్తో పైకెత్తాడు. స్నేహితుడు బతికాడు. ఆ పిల్లవాణ్ణి కూడా ఎవరూ ఏమీ అనకండి.

నెల మాసికం అయ్యాక ఒక్కదాన్నే బస్సెక్కి అక్కడికి పోయాను. ఆ గది లేదు. అది ఉన్నచోట నీళ్ళే ఉన్నాయి. ఆమె ఇల్లే ఇప్పుడు ముందు వరస. నన్ను చూసి తలుపు చాటుకు పోయింది. కొడతాననుకుందో, శాపం పెడతాననుకుందో.

"తంగచ్చీ, నేనే," అన్నాను.

బయటికి వచ్చి నా ముందు చతికిలబడింది. "పాప ఒళ్ళో ఉంది అక్కా. దాన్ని దించి, అప్పుడు పోయి ప్లగ్గు లాగినాను. దించకుండా పోయుంటే..." అని ఆగిపోయింది. మళ్ళీ అదే మాట. ఈ నెలంతా ఆమె ఆ మాటే తనలో తాను అనుకుంటూ ఉందని ఆ గొంతు వింటేనే తెలిసింది.

"పాపను ఎత్తుకుని వైరు ముట్టుకుంటే ఇద్దరూ పోయేవాళ్ళే," అన్నాను. "నేను అంత దగ్గర కూర్చుని కూడా తిరగలేదు. అది నేను ఎవరితో చెప్పుకోను?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. మేం కూర్చున్న నేల కింద, చాలా దగ్గరలో, నీళ్ళు ఇసుకను లాగుతున్న చప్పుడు.

లోపల చీర ఉయ్యాలలో పాప ఏడుస్తోంది. పోయి చూశాను. చెమటకు తడిసి ముద్దయి ఉంది, మెడ నిండా చెమటకాయలు. మూలలో టేబుల్ ఫ్యాను దుప్పటి కప్పి ఉంది. ఇంట్లో ఉన్నది మావాడు వైరు పెట్టిన ఆ ఒక్క ప్లగ్గే. ఆ రోజు నుంచి ఆమె దాని దగ్గరికి పోలేదు.

దుప్పటి తీశాను. ఫ్యాను వైరు చేతిలోకి తీసుకున్నాను. "వద్దక్కా, వద్దు," అని గుమ్మంలోనే నిలబడిపోయింది. చీర కొంగు చేతికి చుట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ప్లగ్గు పెట్టి, స్విచ్ నొక్కాను.

కళ్ళు తెరిచేసరికి ఫ్యాను మెల్లగా తల తిప్పుతోంది. పాప వైపు, నా వైపు, గుమ్మంలో ఉన్న ఆమె వైపు. పాప ఏడుపు ఆపి, నుదుటి మీద ఎగురుతున్న తన జుట్టును పట్టుకోవాలని చెయ్యి చాపుతోంది.