రెండో వైపు

మేనరికం మాట ఎవరెత్తినా నాకు కాకినాడ నుంచి రాజమండ్రి వస్తున్న బస్సులో చూసిన ఒక తువ్వాలు గుర్తొస్తుంది. పక్క సీటావిడ దాన్ని మడతపెట్టి, ఒళ్లో పడుకున్న కూతురి మోచేతికీ కిటికీ ఊచకీ మధ్య పట్టుకుంది. బస్సు కుదిపినప్పుడల్లా అది జారేది. మళ్లీ సర్దేది.

"ఊరికే తగిలినా కమిలిపోతుందండి," అంది, నేను అడగకుండానే. "ఎముకల్లో మూలుగ రక్తం తయారు చెయ్యట్లేదంట. రక్తం పుట్టించే కణాల్లో జీన్సే పాడయ్యాయన్నారు డాక్టరుగారు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు వైపులా వస్తేనే ఈ జబ్బంటండి."

"మీ అత్తగారి వైపు ఎవరికైనా ఉందాండి?" అన్నాను.

ఆవిడ అలసటగా నవ్వింది. "నేను చేసుకుంది మా మేనమామనేనండి. మాకు రెండో వైపు ఎక్కడుంది?"

ముందు సీట్లో కునుకు తీస్తున్న ముసలావిడను చూపించి గొంతు తగ్గించింది. "మా అమ్మమ్మ. అత్తగారూ ఆవిడేనండి. మన రక్తం మన ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టి చేసింది. ఆవిడకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు."

బస్సు ఇంకో గోతిలో పడింది. ముసలావిడ తల కిటికీ ఊచకి కొట్టుకుంది. పక్క సీటావిడ కూతురి మోచేతిని తన అరచేతిలో పెట్టుకుని, ముందుకు వంగి, ఆ తువ్వాలును ముసలావిడ తల కింద సర్దింది.